చెక్క పట్టుకునే మనిషి

డీజిల్ బండి కొండెక్కుతూ ఆగిపోతే చూడాల్సినవి ఆరు. ట్యాంకు మూతకున్న గాలిరంధ్రం, ట్యాంకు లోపలి జాలీ, పైపులు, ఫిల్టరు, ఫీడు పంపు, నాజిళ్ళు. చింతపల్లిలో నేను స్పేరుపార్టుల దుకాణం పెట్టి ముప్పై ఏళ్ళయింది. ఈ ఆరూ దాటి ఏడో కారణం నాకెప్పుడూ ఎదురుపడలేదు. ఎదురుపడేసరికి కొసాయమ్మ చనిపోయి వారమైంది. ఆమె చావుకు కారకుడని ఆమె కొడుకునే లాకప్పులో పెట్టారు.

నా పేరు ఆడారి వరహాలు. లాభం లేనిదే గుమ్మం దిగడని నన్ను గురించి అంటారు. అబద్ధమేమీ కాదు. ఆ రోజు కొసాయమ్మ కోడలు, గెమ్మెలి సుక్రు పెళ్ళాం దాలిమ్మ దుకాణం ముందుకొచ్చి నిలబడితే, ఈవిడ వెంట వెళ్తే నాకేం ఒరుగుతుందని ముందు లెక్క వేసుకున్నాను. అలా వేసుకున్నానని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

"సావుకారీ, బండికి ఏ రోగమూ లేదని రాసేసినారంట. మావోడే న్యూట్రల్ చేసి వదిలేసినాడంట. నువ్వొచ్చి ఒకపాలి సూడు."

"తాగి నడిపాడంటున్నారు గదమ్మా."

"అమ్మని బండెక్కించుకుని తాగుతాడేటి ఎవడైనా? నీ బండిలో మీయమ్మ కూకుంటే నువ్వు తాగుతావా?"

మా అమ్మ లోపల్నుంచి దగ్గింది. వెళ్ళక తప్పలేదు.

జరిగింది ఇదీ. బూరుగుమెట్ట నుంచి సుక్రు జీపు తెల్లవారుజామున సంతకు బయల్దేరింది. సుక్రుతో కలిపి పన్నెండు మంది, ఆరు పసుపు బస్తాలు. ఏనుగుమలుపు ఎక్కుతుండగా ఇంజను మూడుసార్లు దగ్గి ఆగిపోయింది. ఇంజను ఆగితే ఈ పాత జీపుల్లో బ్రేకుకు బలముండదు. రెండుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. సుక్రు మళ్ళీ స్టార్టు చేద్దామని గేరు తీశాడు. బండి వెనక్కి జారింది.

మా కొండదారుల్లో ఒక పద్ధతుంది. జీపులో అందరికన్నా వెనక కూర్చున్నవాళ్ళ ఒళ్ళో ఒక చెక్క ఉంటుంది, పాదమంత వెడల్పు, ఒక పక్క ఏటవాలుగా చెక్కింది. బండి వెనక్కి జారితే వాళ్ళు దూకి దాన్ని చక్రం వెనక వెయ్యాలి. ఆ చోటు కుర్రవాళ్ళది. కానీ కొసాయమ్మ తన కొడుకు బండిలో ఆ చోటు ఎవరికీ ఇచ్చేది కాదు. "నా కొడుకు ముందర సూత్తాడు, ఎనకాల నాను సూత్తాను" అనేది. ఆ రోజూ దూకింది. చెక్క సరిగ్గా చక్రం కింద పడింది. ఆమె మాత్రం చక్రానికీ గట్టుకూ మధ్య ఇరుక్కుపోయింది. పదకొండు మంది బతికారు.

ఇలాంటి మనిషి చావుకు ఆమె కొడుకే కారణమని కాగితం మీద రాసేశారు.

* * *

జీపును కింద మైదానంలోని స్టేషన్ ఆవరణలో పెట్టారు. మిట్టమధ్యాహ్నం, రేకుల షెడ్డు, ముప్పై మూడు డిగ్రీల వేడి. ఎస్సై త్రినాథ్ గారితో పాటు బండ్ల నూనెకు వాడే 'తోడు' అనే సరుకు అమ్మే కంపెనీ ఇంజనీరు శ్రీకర్ కూడా ఉన్నాడు. తెల్ల చొక్కా, చేతిలో రాసుకునే అద్దంపలక. నేను ఆ కంపెనీ డీలర్ని కాబట్టి నన్ను చూసి నవ్వాడు.

"మీరొచ్చారా, మంచిది. మీరూ ఓ సంతకం పెట్టేస్తే ఇది ఇక్కడితో అయిపోతుంది."

నేను మూత తీసి గాలిరంధ్రంలో ఊదాను. శుభ్రంగా ఉంది. జాలీ తీశాను, మచ్చ లేదు. పైపుల కీళ్ళు తడిమాను, చెమ్మ లేదు. ఫిల్టరు కింది గాజుగిన్నెలో నూనె తేనెలా మెరుస్తోంది. నీళ్ళు లేవు, నలక లేదు. గాలి తీసే మర వదులు చేసి ఫీడు పంపు మీటను చేత్తో ఆడించాను. ఒక్క బుడగ కూడా లేకుండా నిండుగా వచ్చింది. నాజిళ్ళు విప్పి చూశాను, నాలుగూ పొగమంచులా చిమ్మాయి. అన్నీ బిగించి తాళం తిప్పాను. మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది.

"చూశారుగా" అన్నాడు శ్రీకర్. "బండి నిక్షేపంగా ఉంది."

"నిక్షేపంగా ఉన్న బండి దారిలో ఎందుకాగింది?"

"ఆగిందని ఎవరన్నారు? డ్రైవర్. డ్రైవర్ ఇంకేమంటాడు?"

నేను సంతకం పెట్టలేదు. అలాగని ఆరింటిలో ఏదీ తప్పని చెప్పనూ లేకపోయాను. లాకప్పు ఊచల వెనక నుంచి సుక్రు ఒక్క మాటే అడిగాడు.

"సావుకారీ, ఆ చెక్క ఏటి సేసినారు? మాయమ్మ చెక్క. పారేసినారా?"

అది స్టేషన్ బల్ల కింద, చీటీ కట్టి పడి ఉంది.

* * *

ఇక తోడు గురించి చెప్పాలి. అది చెప్పకుండా నా భాగం తేలదు.

పట్టణాల్లో బండ్లన్నీ కరెంటుకు మారిపోయాక మా దిగువనున్న డీజిల్ బంకులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మా కొండదారిలో కరెంటు జీపు సగం దూరం రాదు. వచ్చినా దానికి ఛార్జింగు పెట్టే దిక్కులేదు. పసుపు, కాఫీ, మిరియాలు, పురుటినొప్పుల ఆడమనుషులు, అందరూ పాత డీజిల్ జీపుల మీదే. ఆ రోజుల్లో మా చెల్లి నూకరత్నం ఒక సీసాతో ఇంటికొచ్చింది. విశాఖలో సూక్ష్మజీవుల మీద పరిశోధన చేసేది. పెరట్లో ఇప్పనూనె డ్రమ్ములో ఆ సీసా ఒంపి, చీకటిగా ఉండేట్టు గోనె కప్పింది. మూడో రోజు ఆ నూనె నా జీపులో పోస్తే జీపు పరుగెత్తింది. అందులోని జీవులు ఇప్పనూనెను తిని డీజిలుగా మారుస్తాయట.

మా అమ్మ డ్రమ్ములోకి తొంగిచూసి, "ఓస్, ఇది తోడే కదే. పాలకి బదులు నూనె" అంది. ఆ పేరే స్థిరపడింది. కంపెనీవాళ్ళు మా చెల్లికి ఉద్యోగమిచ్చి, తోడును తీసుకున్నారు, మా అమ్మ పెట్టిన పేరుతో సహా. సీసాలు చేశారు. ప్రతి సీసా మీద ఎర్రక్షరాలతో 'ఒక్కసారికే' అని వేశారు.

తోడు ఒక్కసారికే ఏమిటి? ఏ ఇంట్లోనైనా పెరుగు తోడు కొంటారా? నిన్నటి పెరుగులో చెంచాడు మిగులుస్తారు. అయిపోతే పక్కింట్లో గిన్నె పడతారు. దీపం పెట్టాక ఇవ్వరు, అంతకు మించి దానికి నియమం లేదు. ఆ రెండు మాటలు చదివి నేను నవ్వుకున్నాను. తయారైన డ్రమ్ము అడుగున మిగిలిన మడ్డి తీసి, ఖాళీ సీసాల్లో నింపి, మూతలు బిగించాను. బండ్లు నడిచాయి. మూడు చలికాలాలు నడిచాయి. వాటిని కొత్త సీసాలనే అమ్మాను.

* * *

స్టేషన్‌కు వెళ్ళిన మర్నాడు తెల్లవారుతుండగా బూరుగుమెట్ట వెళ్ళాను. గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంది. పలకరిస్తే నోట్లోంచి పొగ వస్తోంది. దాలిమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఒక సీసాను నిప్పుల పక్కన అటూ ఇటూ తిప్పుతోంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ఇప్పనూనె సావుకారీ. సలికి గడ్డకట్టేసినాది. కరగబెట్టకపోతే కూరలోకి దిగదు." అని ఆగింది. "నీకు తెలవదేటి? ఇప్పనూనెలో ఏసే తోడు అమ్మేవోడివి."

తెలుసు. చలికాలం ఇప్పనూనె నెయ్యిలా పేరుకుంటుందని ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకూ తెలుసు. కానీ డీజిలుగా మారిన ఇప్పనూనె పేరుకోదు. మూడు చలికాలాలు పేరుకోలేదు. మరి సగమే మారితే?

సుక్రు ఇంటి వెనక డ్రమ్ము మూత తీశాను. నిన్న స్టేషన్‌లో తేనెలా మెరిసిన నూనే ఇక్కడ తెల్లగా, చిక్కగా, వేలు పెడితే గుంట పడేట్టు ఉంది. ఆ డ్రమ్ములో పడిన తోడు నా చేతి సీసాలోది.

"సావుకారీ, మొకం అలగయిపోయినాదేటి?" అంది దాలిమ్మ.

"చలి" అన్నాను.

* * *

చెల్లిని రమ్మన్నాను. వచ్చింది. డ్రమ్ములో చెయ్యి పెట్టి, వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"అన్నయ్యా, ఈ తోడు ఎన్నిసార్లు తిరగవేశావ్?"

"లెక్కపెట్టలేదు."

"నువ్వు లెక్కపెట్టనిది ఉందా? చెప్పు."

"ఇరవై దాటి ఉంటుంది."

"ఇరవై దాటితే చచ్చిపోతుంది. అది తనంతట చావదు. చచ్చేట్టు చేశాం."

"చావు పెట్టారా? తోడుకా?"

"అడవిలోకి పాకిపోతే ఇప్పగింజలన్నీ పాడుచేస్తుందేమోనని భయమేసింది. అందుకు నేనే పెట్టాను. రెండొందల తరాలకు పెట్టాను. కంపెనీ దాన్ని ఇరవైకి దించింది, ఎవరూ తిరగవేసుకోకుండా."

"దించుతుంటే నువ్వేటి సేశావే?"

"సంతకం పెట్టాను."

ఇంట్లో నేను అలా మాట్లాడను. చదువుకున్న చెల్లెలని గౌరవం. ఆ రోజు ఆగలేకపోయాను.

"చచ్చిపోతే బండేమవుతుందో సూసుకోలేదా? చదువుకున్నవోళ్ళు గదా అంతమంది!"

"బలం తగ్గుతుంది, అంతే అనుకున్నాం. డ్రైవర్లు వచ్చి కొత్త సీసా కొంటారనుకున్నారు. సగం మారిన నూనె కూడా మా ల్యాబులో పలచగానే ఉండేది."

"ల్యాబులో ఎంత చలుంటుంది?"

ఆమె తల దించుకుంది. "ఏసీ ఇరవై ఏడు మీద పెడతారు."

ఇరవై ఏడు! మా ఏనుగుమలుపు దగ్గర పుష్యమాసంలో వేళ్ళు కొంకర్లు పోతాయి. కొండవాళ్ళ కోసమని గొప్పగా అమ్మే సరుకును కొండమీద ఒక్క తెల్లవారుజాము పరీక్ష చెయ్యడానికి ఎవరికీ కాళ్ళు రాలేదు. కొసాయమ్మకు వచ్చాయి.

* * *

సీసాలో నూనె పట్టుకెళ్ళి ఎస్సై గారి ముందు మంచుముక్కల్లో పెట్టి చూపించాను. శ్రీకర్ నవ్వాడు.

"మంచులో పెడితే ఏ నూనె గడ్డకట్టదండీ? ఇది సాక్ష్యమా?"

"ఇలాకాదయ్యా వరహాలూ" అన్నారు ఎస్సై గారు. "నాకు బండి కావాలి. బండి ఆగాలి. నా కళ్ళముందు ఆగాలి."

"బండిని కిందకి దింపారు కాబట్టే రోగం కరిగిపోయింది సార్. మళ్ళీ పైకి ఎక్కించండి. అదే ట్యాంకు, అదే నూనె. రాత్రంతా బూరుగుమెట్టలో ఉంచి, సుక్రు బయల్దేరిన వేళకే బయల్దేరదాం."

ఎస్సై గారు శ్రీకర్ వైపు చూశారు. "మీకేమైనా అభ్యంతరమా?"

"అనవసరం కదండీ."

"అయితే మీరూ రండి. స్వెట్టరు తెచ్చుకోండి."

ట్యాంకు మూతకు సీలు వేసి జీపును పైకి పంపారు. కానిస్టేబుల్ దాని పక్కనే దుప్పటి కప్పుకుని కాపలా పడుకున్నాడు. తెల్లవారుజామున ఇక్కడి అలవాటు ప్రకారం దాలిమ్మ బిందెడు వేడినీళ్ళు తెచ్చి ఫిల్టరు మీదా పంపు మీదా పోసింది. ఆ వేడికి పైపుల్లో, ఫిల్టరులో ఉన్నది కరుగుతుంది. రెండు కిలోమీటర్లకు అది చాలు. ట్యాంకులో ఏముందో అప్పటిదాకా తెలియదు. సుక్రుకూ అలాగే తెలియలేదు.

కానిస్టేబుల్ స్టీరింగు పట్టాడు. పక్కన ఎస్సై గారు, మధ్యలో శ్రీకర్, నూకరత్నం, దాలిమ్మ. వెనక చివర నేను. చెక్క స్టేషన్ నుంచి తెప్పించారు. చీటీ ఇంకా దాని మెడకు వేలాడుతూనే ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను.

ఏనుగుమలుపు సగం ఎక్కామో లేదో ఇంజను ఒకసారి దగ్గింది.

"పట్టుకో సావుకారీ!" అని అరిచింది దాలిమ్మ.

రెండోసారి, మూడోసారి దగ్గింది. ఆగిపోయింది. కానిస్టేబుల్ బ్రేకు తొక్కాడు. రెండోసారి తొక్కేసరికి "సార్, దిగట్లేదు! పెడల్ దిగట్లేదు!" అని కేక పెట్టాడు. జీపు వెనక్కి కదిలింది. నేను దూకాను. యాభై ఎనిమిదేళ్ళ ఒళ్ళు, మోకాలు నేలకు కొట్టుకుంది. చెక్క చక్రం వెనక తోసి పక్కకు దొర్లాను. చక్రం చెక్కనెక్కి, కిర్రుమని ఆగింది. గట్టు నా భుజానికి జానెడు దూరంలో ఉంది. కొసాయమ్మకు ఆ జానెడు దొరకలేదు.

ఎస్సై గారి ముందే మీట ఆడించాను. చుక్క రాలేదు. ట్యాంకు నుంచి వచ్చే పైపు విప్పాను. లోపల తెల్లగా, వెన్నలా బిగుసుకుపోయి ఉంది. పుల్లతో తీసి ఎస్సై గారి అరచేతిలో పెట్టాను. ఆ చేతి వేడికి మా కళ్ళముందే మెల్లగా కరిగి, తేనెలా మెరిసింది.

"అమ్మ దొంగా" అన్నారాయన, ఆ నూనెనే చూస్తూ.

శ్రీకర్ ముఖం పాలిపోయింది గానీ నోరు మాత్రం పడిపోలేదు. "మా సరుకులో తప్పు లేదండీ. సీసా మీద స్పష్టంగా రాశాం, ఒక్కసారికే అని. ఈ డ్రైవర్ దొంగతోడు తిరగవేసుకున్నాడు. నేరం మళ్ళీ అతనిదే."

దాలిమ్మ నావైపు చూసింది. ఆమెకు ఏమీ తెలియదు. మొగుడు విడుదలవుతాడనుకుని నన్ను దేవుణ్ణి చూసినట్టు చూస్తోంది. నేను నోరు మూసుకుంటే దుకాణం ఉంటుంది, డీలర్‌షిప్ ఉంటుంది, పేరు ఉంటుంది. సుక్రుకు ఏవో మూడేళ్ళు. బతుకంతా నేను వేసిన లెక్కలన్నీ ఇలాంటివే. ఈ లెక్కలో మాత్రం ఆ చెక్క అడ్డం పడింది.

"సుక్రుకు తెలీదండీ" అన్నాను. "అతను నా దగ్గర కొత్త సీసా అనుకునే కొన్నాడు. తిరగవేసింది నేను."

శ్రీకర్ పలక తీసి గబగబా రాసుకోబోయాడు.

"రాసుకో బాబూ, అదీ రాసుకో" అంది నూకరత్నం. "తిరగవేసింది మా అన్నయ్య. దానికి శిక్ష పడనీ. తిరగవేస్తే చచ్చేట్టు చేసింది మనం. ఇరవైకి దించిన కాగితం మీద మొదటి సంతకం నాది, రెండోది మీ డైరెక్టరుది. అది కూడా రాసుకో. నీ పలకలో చోటు లేకపోతే నేను ఎస్సై గారి కాగితం మీద రాసిస్తాను."

* * *

సుక్రు ఇంటికొచ్చాడు. నామీద కేసు పడింది, డీలర్‌షిప్ పోయింది. అది న్యాయమే. కంపెనీ మీద కేసు మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. వాళ్ళ లాయరు ప్రతి వాయిదాకూ సీసా పైకెత్తి ఆ రెండు ఎర్రమాటలూ చదువుతాడు. వాళ్ళు చావు కూడా సీసాలో పెట్టి అమ్మారు, దాని మీద మాత్రం ఏమీ రాయలేదు. ఆ మాట ఏ కోర్టులో అడగమన్నా అడుగుతాను.

చెల్లి ఉద్యోగం మానేసి మా పెరట్లోనే కొత్త తోడు చేసింది. దీనికి తరాల లెక్క లేదు. ఎండ తగిలితే చస్తుంది, కాబట్టి అడవిలో బతకదు. అంతకు మించిన చావు దానికి అక్కర్లేదని ఆమె తేల్చింది. మళ్ళీ చలికాలం మొదలవగానే, మూతగిన్నెలో పోసుకుని, పొద్దుండగానే, ఇద్దరం బూరుగుమెట్ట వెళ్ళాం. ఊరికే ఇస్తామన్నాం.

సుక్రు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. దాలిమ్మ గిన్నె వైపు చూసింది గానీ చెయ్యి చాపలేదు.

"ఇది సలికి గడ్డకట్టదా?"

"కట్టదు" అంది చెల్లి.

"ఎక్కడ సూసినావు? నీ ల్యాబులోనా?"

దాలిమ్మ నావైపు తిరిగింది.

"మీ బండి తెచ్చుకోండి. ఈ నూనె ఎయ్యండి. ఈ సలికాలమంతా మా ఊరి నుంచి పొద్దున్నే ఆ మలుపెక్కండి. నీ చెల్లి నడపాల. నువ్వు ఎనకాల కూకోవాల, చెక్క ఒళ్ళో ఎట్టుకోవాల. ఉగాదికి రండి. అప్పుడు గిన్నె పడతాను."

సుక్రు లేచి లోపలికెళ్ళాడు. చెక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. అంచున చక్రం నొక్కిన గుంట ఉంది, ఒకటి కాదు, రెండు.

"ఉగాదికి తిరిగియ్యాల" అన్నాడు. "అది మాయమ్మది."

ఇవాళ్టికి నలభై మూడు తెల్లవారుజాములయ్యాయి. బండి ఇంతవరకూ దగ్గలేదు. అయినా ఏనుగుమలుపు రాగానే చెల్లి మాట్లాడటం మానేస్తుంది. నేను ఒక కాలు బయటపెట్టి కూర్చుంటాను.